ఓరుగల్లు కథ ఓరుగల్లే చెప్పుకోవాలి

2002 వానకాలం. ఆ ఏడాది మార్చిలోనే కేంద్రం బీటీ పత్తి సాగుకు అనుమతి ఇచ్చింది. తొలకరి పడగానే వరంగల్ జిల్లా రైతులు కొందరు ఆ కొత్త విత్తనం కొని చేన్లలో పెట్టారు. ఆ పంటను చూడటానికి మెదక్ జిల్లా జహీరాబాద్ వైపు నుంచి కొందరు ఆడవాళ్లు వచ్చారు. చేతిలో వీడియో కెమెరా, మైకు. వాళ్లు ఏ టీవీ చానల్ వాళ్లూ కారు. దళిత కుటుంబాలకు చెందిన చిన్న రైతులు, కూలీలు. వాళ్లలో కొందరికి అక్షరం రాదు. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లకు కెమెరా పట్టడం, ఎడిటింగ్ చేయడం నేర్పింది. 2001లో వాళ్ల పని కోసం కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది.

వాళ్లు ఒక్కరోజు వచ్చి నాలుగు షాట్లు తీసుకుని పోలేదు. సీజన్ పొడవునా పలుమార్లు వచ్చారు. మొలక చూశారు, పూత చూశారు, కాయ చూశారు, ఖర్చెంత అయిందో, చివరికి చేతికి ఏం వచ్చిందో రైతుల నోటనే చెప్పించారు. అడిగేవాళ్లూ రైతులే కాబట్టి చెప్పేవాళ్లు మనసు విప్పారు. 2003లో ఆ సినిమా బయటికొచ్చింది. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద ఎందుకంత కోపం అన్న ప్రశ్నే దాని పేరు. తర్వాత అది ఇతర భాషల్లోకి వెళ్లింది, ఇతర దేశాల్లో రైతుల ముందు ఆడింది.

అప్పటికి వరంగల్ పత్తి రైతు దెబ్బ తిని ఎన్నో ఏళ్లు కాలేదు. 1997-98లో పురుగు పంటను తినేసింది, మందుల అప్పు రైతును తినేసింది. ఆత్మహత్యల వార్తలతో ఈ జిల్లా పేరు దేశమంతా తెలిసింది. ఆ వార్తల్లో రైతు ఒక అంకె. ఈ సినిమాలో రైతు ఒక మనిషి, తన చేను గట్టు మీద నిలబడి లెక్క చెబుతున్న మనిషి. 2005లో కేంద్ర అనుమతుల కమిటీ ఆంధ్రప్రదేశ్‌లో మూడు బీటీ హైబ్రిడ్లకు అనుమతి పొడిగించలేదు. అది ఒక్క సినిమా వల్లనే జరిగిందనడం సరికాదు. ఆ తర్వాత వేరే బీటీ విత్తనాలు వచ్చి దాదాపు పత్తి పొలాలన్నిటా పరచుకున్నాయి, ఆ విత్తనం మేలుకీళ్ల మీద వాదం ఇంకా నడుస్తూనే ఉంది. అయినా 2002లో వరంగల్ రైతు ఏమన్నాడో, ఎలా అన్నాడో ఇవాళ ఎవరైనా చూడొచ్చు, వినొచ్చు. అది చిన్న సంగతి కాదు.

మల్టీమీడియా గురించి మాట్లాడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ గడ్డ మీద దొరకదు. అక్షరం, బొమ్మ, శబ్దం, వీడియో, యానిమేషన్ వీటిలో కొన్ని కలిసి ఒకే విషయం చెబితే దాన్ని మల్టీమీడియా అంటారు. చూసేవాళ్లు ఆపి, వెనక్కి తిప్పి, నొక్కి, జవాబు ఇచ్చి దానితో సంభాషించే వీలుంటే దాన్ని ఇంటరాక్టివ్ అంటారు. తొంభైల్లో ఊరూరా కంప్యూటర్ సెంటర్ల బోర్డుల మీద మెరిసిన ఈ మాట ఇప్పుడు పెద్దగా వినపడదు. ఎందుకంటే ఇప్పుడు అది విడిగా ఒక కోర్సుగా కాక ప్రతి జేబులోనూ ఉంది.

జేబులోకి ఎలా వచ్చిందో తెలుసుకోవడం అవసరమే. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్క బొమ్మలో 20,73,600 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్క రంగు రాసుకోవడానికి 3 బైట్లు కావాలి. సెకనుకు 25 బొమ్మల చొప్పున లెక్కేస్తే ఒక్క సెకను వీడియోకే 15 కోట్ల 55 లక్షల బైట్లు. అంటే ఒకప్పటి 650 ఎంబీ సీడీ నాలుగు సెకన్లు దాటగానే నిండిపోవాలి. మరి పెళ్లి వీడియో మొత్తం ఫోన్లో ఎలా పడుతోంది? కుదింపు వల్ల. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య మారింది ఎంతో అంతే రాసుకుంటుంది యంత్రం. మాట్లాడే మనిషి పెదవులు కదులుతాయి, వెనకాల గోడ కదలదు, కాబట్టి గోడను మళ్లీ మళ్లీ రాయదు. పాటలోనైతే పెద్ద శబ్దం చాటున మన చెవికి ఎలాగూ వినపడని చిన్న శబ్దాలను తీసేస్తుంది. ఫొటోలకు జేపెగ్, వీడియోలకు ఎంపెగ్ అనే పద్ధతులు 1992-93 నాటికి ప్రమాణాలుగా స్థిరపడ్డాయి. యూట్యూబ్ 2005లో పుట్టింది. వాట్సాప్‌లో గొంతు పంపే వీలు 2013లో వచ్చింది. 2016 సెప్టెంబర్‌లో జియో రావడంతో డేటా ధర పడిపోయింది. ఈ నాలుగూ కలిసిన చోట మల్టీమీడియా సామాన్యుడి చేతికి అందింది.

అయితే బొమ్మనూ పాటనూ కలిపి కథ చెప్పడం ఓరుగల్లు ప్రాంతానికి ఫోన్ నేర్పిన విద్య కాదు.

2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు తరతరాలుగా పటాలు గీస్తున్నారు. ఖాదీ గుడ్డకు గంజి, తెల్లమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూస్తారు. ఆరిన తర్వాత ఎర్రటి నేపథ్యం మీద వరస వరసగా బొమ్మలు వేస్తారు. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులు దాటిన పొడవు ఉండే పటాలు మామూలే. రాత్రిపూట ఊరి మధ్యలో పటాన్ని వేలాడదీసి, ఒక్కో వరసను విప్పుతూ, కర్రతో బొమ్మను చూపుతూ, వాద్యం మీద పాడుతూ కథకులు కథ నడిపేవారు. బొమ్మ, పాట, మాట, అభినయం అన్నీ ఒకే రాత్రి ఒకే చోట. మధ్యలో జనం అడిగితే కథ ఆగేది, జవాబు వచ్చాక సాగేది.

ఆ కథలు ఎవరివన్నది ఇంకా ముఖ్యం. కూనపులి వారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. డక్కలి వారు మాదిగలకు జాంబపురాణం చెబుతారు. కాకిపడగల వారు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. ప్రతి కులానికీ తన పుట్టుక గురించి, తన పని గొప్పతనం గురించి చెప్పే పటం ఉండేది. పటం ముందు కూర్చున్న నేతగాడికి తన మగ్గం బొమ్మలో కనపడేది. పెద్ద గ్రంథాల్లో చోటు దొరకని వాళ్లు ఈ పటాల మీద నాయకులయ్యారు. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ధనాలకోట కుటుంబం లాంటి కొన్ని ఇళ్లు ఇప్పటికీ ఆ గీతను బతికిస్తున్నాయి. కానీ ఇవాళ ఎక్కువగా అమ్ముడుపోయేవి గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలు, మాస్కులు. పటం గోడ మీదికి చేరింది, పాట పాడే మనిషి తగ్గిపోయాడు. సగం కళ నిలిచి సగం జారిపోతోంది. ఆ జారిపోతున్న సగాన్ని పట్టుకోగల పనిముట్టు ఇప్పుడు మన చేతిలో ఉండి కూడా పట్టుకోకపోతే అది మన తప్పే.

శబ్దం సంగతి చెప్పుకోవాలంటే నేరెళ్ల వేణుమాధవ్ పేరు తలవకుండా కుదరదు. 1932లో వరంగల్‌లో పుట్టిన ఆయన ఒక్క గొంతుతో సినిమా మొత్తం వినిపించేవారు. నటుల మాటలే కాదు, వెనకాల వచ్చే సంగీతం, గుర్రాల డెక్కల చప్పుడు కూడా ఆ గొంతులోంచే. 1971లో ఐక్యరాజ్య సమితిలో ప్రదర్శన ఇచ్చారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు, 2018లో కన్నుమూశారు. కళ్లు మూసుకుని విన్నవాళ్లకు కూడా బొమ్మ కట్టించగల శక్తి ధ్వనికి ఉందని ఆయన జీవితమంతా నిరూపించారు. ఇవాళ వీడియో తీసే పిల్లలు బొమ్మ మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ధ్వని మీద పెట్టరు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే వెంటనే వదిలేస్తారు. వీడియో తీయడం నేర్చుకునేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది ఇదే.

జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన ఒగ్గుకథ పెద్దదిక్కు చుక్క సత్తయ్య 2017లో వెళ్లిపోయారు. ఆకాశవాణి, దూరదర్శన్ వల్ల ఆయన గొంతు కొంతైనా దక్కింది. అంత పేరు రాని కథకులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వాళ్లు పోతే వాళ్ల కథ కూడా పోతుంది. ఇది ఎవరినీ నిందించడానికి అంటున్న మాట కాదు, ఆలస్యం చేయకూడదని అంటున్న మాట.

ఇక నేటి రోజువారీ వాడకం. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే ముందు రైతు ధర ఎంతుందో ఫోన్లో చూసుకుంటాడు. ఆకు మీద మచ్చ వస్తే ఫొటో తీసి తెలిసినవాళ్లకు పంపుతాడు. దుబాయిలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో ఇంటి బోనాలు చూస్తాడు. మేడారం జాతరకు రాలేనివాళ్లు సమ్మక్క గద్దెకు వచ్చే ఘడియను తెర మీద చూసి దండం పెట్టుకుంటారు. కోట చూడటానికి వెళ్తే ఖిలా వరంగల్‌లో సౌండ్ అండ్ లైట్ షో కాకతీయుల కథ చెబుతుంది. 1213 నాటి రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చిన 2021 జులై సమావేశం కూడా కరోనా వల్ల ఆన్‌లైన్‌లోనే జరిగింది. ఆ గుడి మీద చర్చను ఓరుగల్లు జనం తమ ఫోన్లలో చూడగలిగారు.

చదువు విషయంలో అసలు పరీక్ష కరోనా కాలంలో వచ్చింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో ప్రభుత్వ బడుల పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని ఇంటి పిల్లలు పక్కింట్లోనో పంచాయతీ దగ్గరో కూర్చుని విన్నారు. ఆ ప్రయత్నం మంచిదే, అవసరమైనదే. కానీ పిల్లాడు చేయెత్తి అడిగితే జవాబు చెప్పేవాళ్లు తెరలో ఉండరు. పాఠం అందరికీ ఒకే వేగంతో పోతుంది. ములుగు గూడెంలో కోయ పిల్లకూ, మహబూబాబాద్ తండాలో లంబాడీ పిల్లకూ ఇంట్లో మాట వేరు, తెర మీద మాట వేరు. వాళ్ల భాషల్లో పుస్తకాలు బహు అరుదు. అలాంటి పిల్లలకే బొమ్మ, గొంతు కలిసిన పాఠం అందరికంటే ఎక్కువ అవసరం. తల్లి మాటలో కథ విని, అదే కథను తెలుగులో మళ్లీ వింటే భయం పోతుంది. ఇలాంటి పాఠాలు తయారు చేయడానికి పెద్ద స్టూడియో అక్కర్లేదు, ఆ తండాలో చదువుకున్న ఒక అక్క, ఒక ఫోన్, కాస్త నిశ్శబ్దంగా ఉండే గది చాలు.

దగ్గరితనం ఎంత పని చేస్తుందో చెప్పే దాఖలాలు ఉన్నాయి. 2006లో బెంగళూరు మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో డిజిటల్ గ్రీన్ అనే ప్రయత్నం మొదలైంది. శాస్త్రవేత్త ఉపన్యాసం బదులు ఊరి రైతే తన చేనులో పని చేసి చూపే వీడియోలు తీశారు, వాటిని పక్క ఊళ్ల రైతులకు వేసి మధ్యమధ్య ఆపి చర్చించారు. మామూలు వ్యవసాయ ప్రచారంతో పోలిస్తే కొత్త పద్ధతులు అనుసరించినవాళ్లు ఏడు రెట్లు పెరిగినట్టు వాళ్ల తొలి అధ్యయనం తేల్చింది. ఆ వీడియో చూసిన రైతులు ముందుగా అడిగేది ఆ తెర మీది మనిషిది ఏ ఊరని. తనలాంటివాడే, తన పక్క ఊరివాడే చేశాడంటే తానూ చేయొచ్చన్న ధైర్యం వస్తుంది. మన పక్కనే జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో శ్రీరాం శ్రీకాంత్ మొదలుపెట్టిన మై విలేజ్ షో యూట్యూబ్ చానల్ కూడా ఇదే కారణంతో జనానికి ఎక్కింది. అందులో కనపడే, బడి చదువు లేని గంగవ్వ మాట్లాడితే లక్షల మంది విన్నారంటే, ఆ మాట తమ ఇంట్లో అవ్వ మాటలా ఉండటం వల్లే.

వరంగల్ పత్తి సినిమా తీసిన జహీరాబాద్ మహిళలు కెమెరా కోణాన్ని కూడా తమ బతుకుతో కొలుచుకున్నారు. మనిషిని కింది నుంచి పైకో, పైనుంచి కిందికో తీసే షాట్లలో వాళ్లకు పటేల్, బానిస తేడా కనపడింది.  ఎదురుగా, కంటికి కన్ను సమానంగా తీసేది సంఘం షాట్, వాళ్లకు ఇష్టమైనది అదే. సినిమా బడుల్లో నెలల తరబడి నేర్పే విషయాన్ని తమ మహిళా సంఘం సమావేశాల్లో కింద కూర్చుని మాట్లాడుకున్న అనుభవంతో పట్టేశారు. వాళ్లు తీసిన వరంగల్ సినిమాలో రైతు చిన్నబోకుండా కనపడటానికి ఆ చూపే కారణం.

ఈ పనిముట్టుకు పదునెంతో అంత ప్రమాదం కూడా ఉంది. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో వీడియోలు దేశమంతా చక్కర్లు కొట్టాయి. వాటిలో ఒకటి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. పిల్లాడిని తిరిగి అప్పగించే చివరి భాగాన్ని కోసేసి, అపహరణ నిజంగా జరిగినట్టు పంచారు. ఆ పుకార్లకు తెలంగాణలోనూ అమాయకులు బలయ్యారు. అప్పుడు జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపారు, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, అలాంటి వీడియోలు ఎలా అబద్ధమో జనానికి చెప్పించారు. అబద్ధం ఫోన్లో వచ్చింది, నిజం ఊరి డప్పు మీద వచ్చింది. నమ్మకం ఎవరి గొంతు మీద కుదురుతుందో ఆ పోలీసులకు తెలుసు. ఇప్పుడు కృత్రిమ మేధ గొంతునూ ముఖాన్నీ అచ్చుగుద్దినట్టు తయారు చేస్తోంది. బడిలో పిల్లలకు వీడియో ఎలా కోస్తారో, ఎలా అతుకుతారో చేయించి చూపిస్తే, రేపు మోసపు వీడియో వచ్చినప్పుడు వాళ్లు ఆగి ఆలోచిస్తారు. తీయడం తెలిసినవాడిని మోసం చేయడం కష్టం.

ఇవన్నీ కలిపి చూస్తే ఓరుగల్లుకు ఏం కావాలో స్పష్టంగానే ఉంది. ఇక్కడ ఫోన్లకు కొదవ లేదు. 1959లో మొదలైన ఎన్ఐటీ ఉంది, 1976 నాటి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, ఆకాశవాణి కేంద్రం ఉంది, వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. కొరత ఉన్నది ఒక్కచోటే. చూసేవాళ్లం లక్షల్లో ఉన్నాం, మన ముచ్చట మనమే తీసి దాచుకునేవాళ్లం తక్కువ.

చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. హనుమకొండలో 2024 నవంబర్‌లో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రంలో ఒక గదిని రికార్డింగ్ గదిగా మార్చి, కథకులకు, పాటగాళ్లకు, రైతులకు, బడి పిల్లలకు ఉచితంగా తెరవాలి. బడి భాష కంటే జనం పలుకుబడికి పట్టం కట్టిన కవి పేరున్న చోట జనం పలుకు భద్రంగా ఉండటం సబబు. కమ్యూనిటీ రేడియోకు 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలు, వ్యవసాయ సంస్థలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు, కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలని నిబంధన. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియో చుట్టుపక్కల ఊళ్లకు వాళ్ల మాటే వినిపిస్తోంది. ఉమ్మడి వరంగల్‌లోని ప్రతి జిల్లాకూ అలాంటిది ఒకటి ఉండాలి. ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి వచ్చే పల్లె రోగికి మందు ఎప్పుడు వేసుకోవాలో, గాయం ఎలా కడుక్కోవాలో రెండు నిమిషాల వీడియో ఇక్కడి యాసలో, లంబాడీలో, కోయలో ఉంటే చీటీ చదవలేనివాళ్లకు అదే రక్ష. వినపడనివాళ్ల కోసం ప్రతి వీడియో కింద అక్షరాలు ఉండాలి, కనపడనివాళ్ల కోసం ప్రతి బొమ్మకూ మాట ఉండాలి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. కళాకారుడిని రికార్డు చేసేవాళ్లు ఆయన అనుమతి తీసుకోవాలి, ఆయన పేరు, ఊరు వేయాలి, ఒక ప్రతి ఆయనకే ఇవ్వాలి, డబ్బు వస్తే వాటా ఇవ్వాలి. పేదవాడి పాటను ఉచితంగా తీసుకుని తమ చానల్ పేరు వేసుకోవడం దొంగతనమే.

ప్రభుత్వం ఎప్పుడు చేస్తుందో అని ఎదురు చూడనక్కర్లేని పని ఒకటుంది. మీ ఇంట్లో, మీ వాడలో పాట తెలిసిన అవ్వో, మగ్గం పని తెలిసిన తాతో, పత్తి ధరల చరిత్ర తెలిసిన పెద్దాయనో ఉంటే ఈ ఆదివారం వాళ్ల దగ్గర కూర్చోండి. అనుమతి అడగండి. ఫ్యాన్ ఆపండి, ఫోన్‌ను అడ్డంగా, వాళ్ల కళ్ల ఎత్తులో పెట్టండి. ముందుగా పేరు, ఊరు, తేదీ చెప్పించండి. మధ్యలో అడ్డు రాకుండా పూర్తిగా చెప్పనివ్వండి. ఆ రికార్డును రెండు వేర్వేరు చోట్ల దాచండి, ఒక ప్రతి వాళ్ల పిల్లలకు ఇవ్వండి.